చిత్రములతో చిన్న మార్కా : కామాటిపుర చాళ్లవారికి ఒక పాఠము

వర్తకమునకు మూడు కావలెనని పెద్దలు చెప్పుదురు: మంచి సరుకు, సరియైన తూకము, నమ్మదగిన పేరు. మొదటి రెండును వర్తకుని చేతిలోనివి. మూడవది మాత్రము కొనువారి నోటిలో నుండును. నేడు ఆ నోరు సెల్‌ఫోనులో నున్నది. కొనువాడు దుకాణమునకు రాకముందే చిత్రము చూచుచున్నాడు. చిత్రము నచ్చిననే ధర అడుగుచున్నాడు. కనుక చిత్రములతో కథ చెప్పి చిన్న మార్కాను నిలబెట్టుట యెట్లో తెలిసికొనుట మన యువకులకు, ముఖ్యముగా ఇంటిపట్టున సరుకు చేసెడి స్త్రీలకు, మిక్కిలి అవసరము.

ముంబయిలోని కామాటిపురవారికి ఈ పాఠము మరింత అవసరము. ఆ పేటకు ఆ పేరు మన తెలుగువారి వలననే వచ్చినది. నిజాము సంస్థాన ప్రాంతములనుండి వలస వచ్చి, రాళ్లు మోసి, గోడలు కట్టి, ఈ నగరమును నిర్మించిన కూలీలను కామాటీలని పిలిచిరి. వారు కాపురమున్న చోటు కామాటిపుర అయినది. కాని బయటి లోకమునకు ఆ పేరు చెప్పినంతనే జ్ఞప్తికి వచ్చునది వేరు. కొన్ని గల్లీలలో సాగిన వేశ్యావృత్తి కథనే పత్రికలు వ్రాసినవి, చలనచిత్రములు చూపినవి. 2022 ఫిబ్రవరిలో 'గంగూబాయి కాఠియావాడీ' చిత్రము విడుదల కాబోవుచుండగా, అందులో తమ పేట పేరు ఉండరాదని కోరుచు కొందరు బొంబాయి హైకోర్టు వరకు వెళ్లిరి. చిత్రము ఆగలేదు. కథ చెప్పువాడు ఇతరుడైనప్పుడు మన పేరు మన చేతిలో నుండదని ఇందువలన తెలియుచున్నది.

వర్తకునికి దీనితో పనియేమని కొందరడుగవచ్చును. పని కలదు. కామాటిపుర చాలులో ఒక కుటుంబము సకినాలు చేసి అమ్ముచున్నదనుకొందము. సరుకు శ్రేష్ఠమైనది. కాని చిరునామా వ్రాయుటకు ఇంటివారు జంకుదురు. "ముంబయి సెంట్రల్ దగ్గర" అని చెప్పి తప్పించుకొందురు. ఈ యుక్తి ఎంతో కాలము సాగదు. డబ్బాలో పెట్టి అమ్మెడి ఆహార పదార్థముపై తయారు చేసినవారి పేరు, పూర్తి చిరునామా ముద్రింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. వారు ఇచ్చు 14 అంకెల సంఖ్యయు ఉండవలెను. అనగా కామాటిపుర అను మాట డబ్బామీదికి వచ్చియే తీరును. దాచిన చిరునామా డబ్బామీద బయటపడినప్పుడు కొనువానికి అనుమానము కలుగును. ముందే గౌరవముగా చూపిన చిరునామా నమ్మకమును పెంచును. చిత్రకథ చేయవలసిన ముఖ్యమైన పని ఇదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు పొడవైన గుడ్డ పటములపై బొమ్మలు వ్రాయుదురు. ఒక బొమ్మ క్రింద ఒక బొమ్మగా కథ నడచును. కథకుడు పటమును విప్పుచు, వ్రేలితో చూపుచు, ఊరిజనులకు చెప్పును. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును ఇట్లే పటము పట్టి చెప్పెడివారు. నేతగాడు తన కులము పుట్టుకను, తన వృత్తి గౌరవమును ఆ పటముపై చూచుకొని తలయెత్తుకొని ఇంటికి పోయెడివాడు.

జైన సమాజములో విజ్ఞప్తి పత్రములను ఎరుగనివారుండరు. చాతుర్మాస్యమునకు ఆచార్యులను ఆహ్వానించుచు పంపెడి ఈ పొడవైన చుట్టలపై ఊరి వీధులు, అంగళ్లు, మందిరములు చిత్రింపబడుచుండెను. 1610లో ఆగ్రాలో శాలివాహనుడను చిత్రకారుడు వ్రాసిన పత్రము ప్రసిద్ధమైనది. "మా ఊరు ఇట్టిది, దయచేయుడు" అని చెప్పుటయే వాని భావము. ఊరి పేరును దాచి ఎవరును ఎవరినీ ఆహ్వానింపలేరు గదా!

ఇంటిలో చేసిన సరుకు పెద్ద పేరు తెచ్చుకొనగలదా అని సందేహించువారు కామాటిపురకు దగ్గరలోనే ఉన్న గిర్గాంను తలచుకొనవలెను. 1959 మార్చి 15న అక్కడి ఒక భవనపు డాబాపై ఏడుగురు గుజరాతీ స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడములు చేయ నారంభించిరి. అదియే నేటి లిజ్జత్ పాపడ్. తరువాత టెలివిజనులో కుందేలు బొమ్మ ఆ మార్కాను ఇంటింటికి తెలిపినది. అయితే కుందేలు బొమ్మ రాకముందే అప్పడము రుచి నిలిచియున్నదని మరువరాదు.

ఇక అసలు పాఠమునకు వత్తము. ఇన్‌స్టాగ్రామ్ 2010లో పుట్టినది. అందులో చిన్న చలనచిత్రములను, అనగా రీలులను, పెట్టు వసతి మన దేశములో 2020 జూలైలో వచ్చినది. చిన్న వ్యాపారులకని ప్రత్యేకించిన వాట్సాప్ బిజినెస్ 2018 జనవరిలో మన దేశమునకు వచ్చినది. మొదటిది సరుకును చూపుటకు, రెండవది గిరాకీ మాటాడుటకు అనుకూలము. ఈ రెండింటికి మంచి సెల్‌ఫోను, కిటికీ వెలుతురు చాలును. పెద్ద యంత్రములు అక్కరలేదు.

సకినాల కథను ఆరు చిత్రములలో చెప్పవచ్చును. ఒకటి, నానిన బియ్యము. రెండు, తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలుపుచున్న చేయి. మూడు, శుభ్రమైన గుడ్డపై వ్రేళ్ల నడుమనుండి పిండి మెలికలు తిరుగుచు చుట్టుపై చుట్టుగా దిగుట. నాలుగు, వరుసగా ఆరుచున్న సకినాలు. అయిదు, నూనెలో పొంగుట. ఆరు, డబ్బా, తూకము, ధర, చిరునామా. ఇందులో మూడవది ప్రాణము. యంత్రము చేయలేని పని అక్కడ కనబడుచున్నది. కనుక రీలు తీయునప్పుడు ఆ మూడవ దృశ్యమునే మొదట పెట్టవలెను. చూచువాడు రెండు మూడు క్షణములలోనే నిలుచుటయో దాటిపోవుటయో నిర్ణయించుకొనును. సకినము విరిగినప్పటి చప్పుడును కూడ వినిపింపవలెను. పాట పెట్టి ఆ చప్పుడును కప్పివేయరాదు.

చిత్రము ఫోనులో నిలువుగా కనబడునట్లు తీయవలెను. చాలమంది శబ్దము లేకయే చూతురు గాన నాలుగు మాటలు చిత్రముపై వ్రాయవలెను. తెలుగు ముందుండవలెను. మరాఠీ, హిందీ తోడుండవలెను. సోలాపురములోని తెలుగువాడును, పరేలులోని మరాఠీ గృహిణియు ఒకే చిత్రము చూచి ఒకే డబ్బాను కోరగలరు. ఒక రంగు, ఒక గుర్తు, ఒకే పేరు ఎల్లప్పుడు వాడవలెను. నెలకొక పేరు మార్చిన మార్కా సంతలో తప్పిపోయిన పిల్లవానితో సమానము.

ఆరవ చిత్రమున చిరునామాతోబాటు ఒక చిన్న మాట చేర్చవలెను: "ఈ నగరమును కట్టిన కామాటీల పేట నుండి." అందు అబద్ధము లేదు, బ్రతిమాలుట లేదు. సరుకు బాగుండెనేని, తరువాత ఆ పేట పేరు విన్నప్పుడు కొనువానికి సకినము రుచి గూడ జ్ఞప్తికి వచ్చును. ఒక డబ్బాతో ఇది జరుగదు. వందలకొలది డబ్బాలు నమ్మకముగా ఇండ్లకు చేరినచో జరుగును.

ఇందులో మూడు ప్రమాదములున్నవి. మొదటిది ఆడంబరము. ఇతరుల చిత్రములను తెచ్చి తన సరుకుగా చూపుట, మెరుగులు దిద్ది బంగారు సకినమును చూపుట తగదు. పైన పటారము లోన లొటారము అను సామెత డబ్బా విప్పినప్పుడు నిజమగును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారియే 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. దారిలో సకినాలు విరిగినచో ఆ సంగతి దాచక, బదులు డబ్బా పంపి, కట్టు విధానము మార్చి, మార్చిన విధమును చిత్రముగా చూపవలెను. తప్పు ఒప్పుకొన్న వర్తకుని గిరాకీ తిరిగి వచ్చును.

రెండవది ఇతరుల ముఖములు. పొరుగింటి బిడ్డను, నడవాలో కూర్చున్న వృద్ధురాలిని అడుగక చిత్రము తీయరాదు. గల్లీలో బ్రతుకు కష్టములు పడుచున్న స్త్రీలను అసలే తీయరాదు. "మేము వారివంటివారము కాము" అని చెప్పి మన పేరు నిలుపుకొనుట నీచము. మన కథను మనము చెప్పుకొందుము గాక, ఇతరుల బ్రతుకును తక్కువ చేయవలసిన పని లేదు. మన పేరును ఇతరులు ఒక్క కథతో ముద్రవేసినందుకే గదా మనము బాధపడుచున్నది!

మూడవది లెక్క తప్పుట. పదివేలమంది చూచిరని సంతోషించి పిండి ఖర్చు మరచువారు కలరు. చూచినవారు వేరు, అడిగినవారు వేరు, కొన్నవారు వేరు, మరల కొన్నవారు వేరు. ఖాతాపుస్తకములో ఈ నాలుగు గడులు వేరువేరుగా వ్రాయవలెను. నాలుగవ గడి పెరిగినప్పుడే మార్కా పుట్టినట్లు లెక్క. ఒకే సారి అధికముగా ఆర్డర్లు వచ్చినచో, ఇంటిలోని చేతులు ఎన్ని చేయగలవో అన్నింటినే ఒప్పుకొనవలెను. మాట తప్పిన డబ్బా కంటె, "వచ్చే వారము" అని చెప్పిన మాట మేలు. నాలుగు డబ్బాలకు చిత్రము తీసి నలుబది డబ్బాలకు సొమ్ము పుచ్చుకొనుట మొదటికే మోసము.

పాత చాళ్లు ఎల్లకాలము నిలువవు. కామాటిపుర పునర్నిర్మాణ పథకమును మ్హాడా సంస్థ చేపట్టినది. ఇరుకైన మెట్లు, ఉమ్మడి నడవాలు, వాని మీద ఆరవేసిన సకినాల గుడ్డలు రేపు కనబడకపోవచ్చును. నేడు సరుకు అమ్ముటకై తీసిన చిత్రము రేపు మనుమలకు తాతల ఇంటిని చూపును. బేరము నాటి లాభము నాడే తీరిపోవును. నిజము చూపిన చిత్రము మాత్రము ఖాతాలో నిలువయై యుండును. కాబట్టి చాలులోని ప్రతి ఇంటివారును ముందుగా మంచి సరుకు చేయవలెను, పిమ్మట దానిని ఉన్నదున్నట్లు చూపవలెను, తుదకు చిరునామాను నిండు అక్షరములలో వ్రాయవలెను.