తోక మోటారు, తోట మోటారు

తెలుగు పాఠము చెప్పుకొనువారికి మోటారులతో ఏమి పని యని పాఠకులు నవ్వవచ్చును. పని పడినది. గడచిన సంవత్సరము మా విద్యార్థి యొకడు బ్యాటరీతో ఎగురు చిన్న హెలికాప్టరును కళాశాలకు తెచ్చెను. చేతిలోని పెట్టెనుండి వెలువడు రేడియో తరంగములే దానికి పగ్గములు. రెండు మూడు నిమిషములు చక్కగా ఎగిరి, ఆపైన గాలిలోనే బొంగరమువలె గిరగిర తిరిగి, వేపచెట్టు మొదట పడినది. తోక చివర ముట్టుకొనగా వేలు చురుక్కుమన్నది; ఏదో మాడిన వాసన వచ్చినది. "మోటర్ జల్ గయీ సార్" అని ఆ అబ్బాయి ఉర్దూలో అనెను. ప్రక్కనున్న మిత్రుడు "కాలిపోయింది సార్" అని తెలుగులో అనెను. రెండు భాషలును కాలుట యనియే చెప్పుచున్నవి గాని, మంట యెక్కడను కనబడలేదు. మరి కాలినదేది? మాట అర్థము వెదకుట మా వృత్తి కనుక, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుల సాయముతో ఈ మాట వెంట కొంత దూరము పోయితిమి.

ముందుగా తోకకు మోటారు ఎందుకో చూతము. పైనున్న పెద్ద రెక్కలను ఒక దిక్కునకు త్రిప్పినపుడు, న్యూటను మూడవ సూత్రము ననుసరించి హెలికాప్టరు దేహము ఎదురు దిక్కునకు తిరుగజూచును. దానిని ఆపుటకే తోక చివర చిన్న పంకా. 1939లో అమెరికాలో సికోర్‌స్కీ ఎగిరించిన వి.ఎస్. 300 యంత్రము ఈ పద్ధతిని స్థిరపరచినది. పెద్ద హెలికాప్టరులో తోక పంకాను ప్రధాన ఇంజనే పొడవాటి ఇరుసు ద్వారా త్రిప్పును. చిన్న నమూనాలు అనేకములలో ఆ ఇరుసు ఉండదు. వ్రేలి కొన కంటె చిన్నదగు మోటారు నొకదానిని తోక చివర బిగించి చేతులు దులుపుకొందురు. ఎగిరినంతసేపు దానికి విశ్రాంతి లేదు. పై రెక్కలు ఎంత బలముగా తిరిగిన, దేహమును నిలుపుటకు ఈ చిన్నది అంతగా శ్రమించవలెను.

ఇక కాలుట. మోటారులో రాగితీగ చుట్టలుండును. తీగ తీగ తాకకుండ పైన సన్నని పూత యుండును. తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు వేడి పుట్టును. ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. ఆ వేడికి రాగి ఏమియు కాదు. మాడునది పైపూత. పూత మాడినచోట తీగలు ఒండొంటిని తాకును, ప్రవాహము దగ్గరిదారి పట్టును, అంతటితో మోటారు ఆయువు తీరును. మన ప్రాంతపు పంటకు ఈ శాస్త్రమున ఒక పీట కలదని తెలిసి మాకు ముచ్చట వేసినది. విద్యుత్ యంత్రములలో తీగను కప్పు పదార్థములను ఓర్చగల వేడిని బట్టి తరగతులుగా విభజించిరి. అట్టడుగు తరగతి ప్రత్తి, పట్టు, కాగితములది: ఊరక వాడిన 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, వార్నిషులో ముంచి వాడిన 105 డిగ్రీల వరకు ఓర్చును. నేటి మోటారుల పూతలు 130, 155 డిగ్రీల తరగతులవి. అయినను హద్దుపైన ప్రతి పది డిగ్రీలకు పూత ఆయువు ఇంచుమించు సగము తగ్గునని ఇంజనీర్ల లెక్క.

అయితే తిరుగుచున్న మోటారు తన్ను తాను కొంత కాపాడుకొనును. విద్యార్థులు ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. అయస్కాంతముల నడుమ చుట్ట తిరుగునపుడు, వచ్చుచున్న విద్యుత్తునకు ఎదురుగా మరియొక విద్యుత్పీడనము దానిలోనే పుట్టును. ఆ ఎదురుబలమే ప్రవాహమును అదుపులో నుంచును. తిరుగుడు మందగించిన కొలది ఎదురుబలము తగ్గి ప్రవాహము పెరుగును. మోటారు బిగుసుకొని నిలిచిపోయినదా, ఇక అడ్డు తీగ నిరోధమొక్కటే. మోటారును కాల్చునది తిరుగుట కాదు, తిరుగలేకపోవుట.

మా విద్యార్థి ఈ సంగతి తెలియక క్రొత్త మోటారు కొని బిగించెను. వారము తిరుగకుండ అదియు పోయెను. మూడవది కొనబోవుచుండగా తోకను విప్పి చూడుమంటిమి. ఇరుసు చుట్టును దూదిపోగులు దారమువలె పేనుకొని యున్నవి! ప్రత్తి ఆరబోసిన కళ్ళములో దానిని ఎగురవేయుచుండెనట. మోటారు దోషమేమియు లేదు. దాని మెడకు ఉరి బిగిసినది.

అప్పటినుండి అతడు కొన్ని అలవాట్లు చేసికొనెను. ఎగురవేయుటకు ముందు తోక పంకాను నోటితో ఊదును. తేలికగా తిరుగకున్న పోగులు, వెంట్రుకలు తీయును, ఇరుసు వంగినదేమో చూచును. అంచు విరిగిన పంకాను మార్చును. ఒక బ్యాటరీ అయిన వెంటనే రెండవది తగిలింపడు. తోక మోటారును వ్రేలితో తాకి, చల్లబడినపుడే మరల ఎగుర వేయును. అందముకొరకు అంటించిన బొమ్మలు, అదనపు బరువులు తీసివేసెను. దేహము బరువెక్కిన పై రెక్కల శ్రమ, దానితో తోక శ్రమ పెరుగును గదా. తోక సన్నగా వణకుచున్న, దానిని నిలుకడగా నుంచు గైరో అను పరికరపు తీవ్రతను తగ్గించును. అన్నిటికంటె ముఖ్యమొకటి: యంత్రము పడబోవుచున్నదని తోచగానే, నేల తాకకముందే విద్యుత్తు ఆపివేయును. గడ్డిలో చిక్కుకొని తిరుగలేని పంకాకు విద్యుత్తు ఇచ్చుచునే యున్న, కొన్ని క్షణములు చాలును.

ఇదంతయు విన్న పిదప ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము. "సార్, మా అబ్బా మిరపతోటలో మోటారు కూడా ఏటా కాలుతుంది. అక్కడ దూది లేదు గదా?"

తోటలోని మూడు ఫేజుల మోటారు నిర్మాణము వేరు. దానిలో బ్రష్షులు లేవు. కాని ధర్మము అదియే. అయిదు హార్సుపవరు మోటారు పూర్తి బరువుతో ఇంచుమించు ఏడున్నర ఆంపియరులు తీసికొనును. నడచుచుండగా ఒక ఫేజు పోయిన, మోటారు ఆగదు. నీరు పోయుచునే యుండును, రైతుకు తెలియదు. మిగిలిన తీగలలో ప్రవాహము సుమారు ఒకటి ముప్పాతిక రెట్లగును, వేడి మూడు రెట్లగును. ఆగిన మోటారును ఆ స్థితిలో వేసిన మూలుగునే గాని తిరుగదు. ఆ మూలుగు విని వెంటనే కట్టివేయవలెను.

వోల్టేజి తగ్గుట మరియొకటి. 415 ఉండవలసినచోట 300 ఉన్న, బయలుదేరు బలము సగమునకు పడిపోవును. కరెంటు రాగానే తనంతట నడచు ఆటోస్టార్టరులు పొలము పొలమున ఉన్నవి. అన్నియు ఒక్కసారి లేచుటకు ప్రయత్నించి, ఒకదాని వోల్టేజిని మరియొకటి లాగివేయును. సాగరు కుడికాలువ చివరి భూములలోను, మార్కాపురము వైపు మెట్టలలోను బోరులే ఆధారము. బోరులో మునిగియుండు మోటారును చల్లార్చునది దాని ప్రక్కగా పోవు నీరే. మిరపకోతలు సాగుచుండగా, వేసవి ముఖమున నీరు దిగిపోయిన, అది చేయుటకు పని లేకయే కాలిపోవును.

మందులున్నవి. ఒక ఫేజు పోగానే ఆపివేయు పరికరము, మోటారుకు తగిన కెపాసిటరు, దాని ఆంపియరులకు సరిపడ అమర్చిన రిలే, నీరు లేనపుడు ఆపు సాధనము. కాని మేము ఒక సెలవుదినమున ఆ తోటకు పోయి చూచినది వేరు. రిలే ముల్లు కడపటి గీతకు త్రిప్పియున్నది. ఫ్యూజులో సన్నని తీగకు మారుగా మెలివేసిన లావుపాటి తీగ. "మాటిమాటికి పోతోందని వేశామయ్యా" అని పెద్దాయన చెప్పెను. ఆయనను తప్పుపట్టలేము, తడి చేతులతో రాత్రివేళ ఫ్యూజు వేయుట యెంత ప్రమాదమో ఆయనకు తెలియును, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ప్రాణములు పోయిన రైతుల వార్తలు మనమును చదువుచునే యున్నాము. కాని ఫ్యూజు పోవుట జబ్బు కాదు. జబ్బున్నదని చెప్పుట. ఆ నోరు నొక్కినందున ఏటేటా రీవైండింగు దుకాణమునకు డబ్బు పోసిరి, ఏ సంవత్సరమును కారణము వెదకలేదు. ఆ దుకాణములలో చుట్టలు చుట్టు పనివారిలో మన విద్యార్థుల అన్నలు, మేనమామలు కొందరున్నారు. మాడినది ఒక ఫేజు చుట్టయా, మూడునా యని చూచి, తప్పు ఎచ్చటనో వారిలో అనుభవజ్ఞులు చెప్పగలరు. అడుగువారే అరుదు.

కళాశాల సంఘమువారికి ఒక విన్నపము. కాలిపోయిన మోటారు తూకపు ధరకు దొరకును. అట్టిది ఒకటి తెప్పించి, అడ్డముగా కోయించి, భౌతికశాస్త్ర ప్రయోగశాల బల్లపై నుంచిన మేలు. ప్రక్కన ఆ తోక మోటారులు రెంటిని ఉంచుటకు మా విద్యార్థి ఒప్పుకొన్నాడు.