మోకాటి నొప్పి: రక్తనాళ మార్గమున చికిత్స

కలుపు తీయుట, నారు పీకుట, పాలు పితుకుట మున్నగు పనులు మోకాళ్లు మడచి చేయవలసినవి. మోకాలు అరిగి నొప్పి పుట్టినచో సేద్యగాడు వానిని కూలికి ఇయ్యవలసి వచ్చును. మాత్రలకును కీలుమార్పిడి శస్త్రచికిత్సకును నడుమ నిప్పుడొక చికిత్స గలదు. దాని గుణమును, పరిమితిని తెలిసికొనుట మేలు.

మోకాటియందు ఎముకల కొనలను నునుపైన మృదులాస్థి కప్పియుండును. దానికి నరములు లేవు. కావున అరుగుదలయే నొప్పి గాదు. అరుగుదలవలన కీలు లోపలి పొర వాచి, అందు సన్నని క్రొత్త రక్తనాళములు మొలచును. వానివెంట నొప్పిని తెలుపు నరపుపోగులును పెరుగును. నొప్పికి గల కారణములలో నిది యొకటి.

ఆ క్రొత్త నాళములను మూయుటయే ఈ చికిత్స. జపానుదేశపు వైద్యుడు యూజి ఒకునోయు, ఆయన సహచరులును 14 మంది రోగులకు దీనిని చేసి 2015 లో ఫలితములను ప్రకటించిరి. సాధారణముగా గజ్జవద్ద చర్మమును మొద్దుబరచి, ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, ఎక్స్‌రే తెరపై చూచుచు మోకాటివరకు నడపి, సూక్ష్మరేణువులను విడుతురు. పెద్దకోత యుండదు. తరచుగా రోగి ఆనాడే యిల్లు చేరును.

ఇది కలుపునకు నీరు పారు పిల్లబోదెను కట్టివేయుట వంటిది; పెద్దకాలువ పారుచునే యుండును. కాని బోదె కట్టినంతమాత్రమున కోసుకొనిపోయిన గట్టు పూడదు. అట్లే అరిగిన మృదులాస్థి మరల పెరుగదు. పెరుగునని చెప్పువారిని నమ్మరాదు. మిక్కిలి అరిగిన కీలునకు గుణము తక్కువ. ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చేసిన పరీక్షలలో కొన్నిట మేలు కనబడెను. కొన్నిట భేదము కనబడలేదు. చర్మము కొన్ని వారములు రంగు మారవచ్చును. ఎక్స్‌రే కొరకు ఎక్కించు మందు మూత్రపిండములకు హాని చేయవచ్చును గనుక, ఉద్దానమువంటి ప్రాంతములవారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనవలయును.

అన్నిటికన్న ముందు తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును, బరువు తగ్గుటయు అవసరము. దేహభారము 1 కిలో తగ్గినచో నడకయందు అడుగడుగునకు మోకాటిపై భారము సుమారు 4 కిలోలు తగ్గునని 2005 లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది.

చికిత్సకై అప్పుపత్రము వ్రాయుటకు ముందు వైద్యుని మూడు సంగతులు అడుగుడు: నా కీలు ఎంతవరకు అరిగినది? ఈ చికిత్స నాకు తగునా? గుణము కనబడనిచో తరువాత నేమి చేయవలయును?