పాలతొట్టికి స్టెయిన్‌లెస్ స్టీలు ఎట్లు వచ్చినది?

గండికోటలోని ధాన్యాగారమును మన రైతు సోదరులలో చాలమంది చూచియే యుందురు. దళసరి రాతిగోడలు, పైన కమాను కప్పు. ఎండిన జొన్నలు నిలువ యుండుటకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు. గింజకు శత్రువులు తేమ, పురుగు, ఎలుక. వానిని రాతిగోడ చాలవరకు ఆపగలదు.

పాల సంగతి అట్లు కాదు. ఎనుము పొదుగు నుండి పాలు సుమారు 38 డిగ్రీల వేడిమితో వచ్చును. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకో అంతకు ముందో రెట్టింపగుచుండును. జమ్మలమడుగు ప్రాంతపు వేసవిలో బయట ఎండయే 40 డిగ్రీలు దాటును గనుక పాలు తమంతట చల్లబడవు. పాత్ర లోపలి ముఖము గరుకుగా నున్నచో నిన్నటి పాల మడ్డి అందులో దాగి నేటి పాలను విరుచును. వానలు తప్పి పప్పుశనగ ఎండిన యేడు ఇల్లు గడుపునది పాలడబ్బే గనుక, ఆ పాలు పోసెడి పాత్ర ఏ లోహముదో, ఎట్లు చేయబడినదో తెలిసికొనుట మంచిది.

లోహము కరగించు పని గండికోటకు కొత్త కాదు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుండి గైకొనెను. 1652లో ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, కోటలో ఫిరంగులు పోత పోయించుచుండిన సంగతిని, అందులకై దేవాలయ విగ్రహముల నుండి రాగి సేకరించిన సంగతిని వ్రాసియున్నాడు. ఫిరంగికి రాగి మేలే గాని పాలకు పనికిరాదు. రాగిపాత్రలోను, ఇత్తడిపాత్రలోను పులుపు తగిలినచో చిలుము పట్టునని మన ఇండ్లలో అందరికిని తెలియును. పాలలో రాగి యించుక కరిగినను వెన్నకు, నేతికి పాడు వాసన వచ్చును. అందుకే లోపల తగరముతో కళాయి వేయించెడివారు. కళాయి అరిగినంతనే కథ మొదటికి వచ్చెడిది. తరువాత వచ్చిన అల్యూమినియము క్యాను తేలికైనది, చిలుము పట్టదు. కాని కడుగుటకు వాడు సోడా క్షారము దానిని తినివేయును.

స్టెయిన్‌లెస్ స్టీలు కూడ తుపాకుల పనిలోనే పుట్టినది. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణములో హారీ బ్రియర్లీ అనునతడు, తుపాకి గొట్టములు లోపల త్వరగా అరిగిపోకుండ జేయు లోహము కొరకు వెదకుచు, 1913 ఆగస్టులో నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము కలిపిన ఉక్కును పోత పోసెను. అది తుప్పు పట్టకుండుట అతనికి కనబడెను. అంతకు ముందు సంవత్సరమే జర్మనీలోని క్రుప్ కర్మాగారమువారు క్రోమియముతోబాటు నికెలు కూడ కలిపిన ఉక్కుకు పేటెంటు పొందియుండిరి. 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు కలిసిన రకము 1920 దశకములో స్థిరపడినది. పాలతొట్లకు నేటికిని వాడునది ముఖ్యముగా ఈ జాతి ఉక్కే. వర్తకులు దీనిని 304 అందురు.

ఇందలి రహస్యము స్వల్పము. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, ఉక్కుపై కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడును. గీత పడినను ఆ పొర తిరిగి తానే ఏర్పడును. కళాయివలె మరల వేయించ నక్కరలేదు.

అయితే మంచి రేకు దొరకినంతనే మంచి తొట్టి కాదు. తొలి రోజులలో వెల్డింగు చేసిన అతుకుల ప్రక్కనే తుప్పు వచ్చెడిది. వేడికి ఉక్కులోని కర్బనము క్రోమియమును తనలోనికి లాగికొనగా, అచ్చట పొర ఏర్పడుటకు తగినంత క్రోమియము మిగులకుండుటయే కారణము. కర్బనము తగ్గించిన ఉక్కును తయారుచేసి ఈ లోపమును పోగొట్టిరి. 1940 దశకములో వచ్చిన ఆర్గాను వాయువు వెల్డింగు గాలి తగులకుండ అతుకును కాపాడుటచే, సన్నని, శుభ్రమైన అతుకు సాధ్యమైనది. ఆ మీదట అతుకును సానపట్టి రేకుతో సమముగా నునుపు చేయవలెను. వ్రేలితో తడవినప్పుడు అతుకు తగులరాదు. తొట్టి చేయువాని పనితనమంతయు ఇచ్చటనే తెలియును.

మన దేశములో ఈ పరిశ్రమకు యుద్ధమే దారి చూపినది. ఇద్దరు డేనిష్ ఇంజనీర్లు 1938లో బొంబాయిలో స్థాపించిన లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ మొదట డెన్మార్కు డెయిరీ యంత్రములను తెచ్చి అమ్మెడిది. 1940లో జర్మనీ డెన్మార్కును ఆక్రమించగా సరకు రాక ఆగిపోయి, వారు చిన్న కార్ఖానాలో తామే యంత్రములు చేయసాగిరి. 1955లో ఆనంద్ పాల కర్మాగారము, 1969లో విజయవాడ పాల పదార్థముల కర్మాగారము వచ్చినవి. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడినది. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1978లో డెయిరీ యంత్రముల తయారీకి ఆనంద్ ప్రాంతములో ప్రత్యేక కంపెనీని పెట్టినది. రేకులు మాత్రము చాలకాలము ఎక్కువగా విదేశముల నుండియే వచ్చెడివి. 1981లో సేలం ఉక్కు కర్మాగారము పని మొదలిడిన పిమ్మట ఆ కొరత తగ్గినది.

నేడు గ్రామములలో కనబడు బల్కు కూలరు ఈ చరిత్రకు ఫలము. లోపలి తొట్టి గోడకు వెలుపల మరియొక రేకు అతికి, ఆ సందులో శీతలవాయువును నడుపుదురు. దానిపై వేడి చొరకుండ దళసరి నురుగు పొర యుండును. కలియబెట్టు రెక్క పాలను మెల్లగా త్రిప్పుచుండగా, కొద్ది గంటలలో పాలు 4 డిగ్రీలకు దిగును. ఒక క్యానెడు పులిసిన పాలు పోసినచో తొట్టెడు పాలు పోవును, నష్టము ఊరందరిది.

తొట్టి గాని, క్యాన్లు గాని కొనునపుడు సంఘ కార్యదర్శులు, గ్రామాధికారులు అయస్కాంతమును నమ్మి సంతకము చేయరాదు. అయస్కాంతము అంటనిదెల్ల 304 కాదు. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవుక రకము, అనగా 200 శ్రేణి ఉక్కు కూడ, అయస్కాంతమునకు అంటదు. వంటగిన్నెకు అది చెల్లవచ్చును గాని, రోజూ క్షారము, ఆమ్లము తగులు తొట్టికి చాలదు. రేకు తయారుచేసిన కర్మాగారపు పరీక్షాపత్రమును అడిగి, నికెలు 8 పాళ్లున్నదేమో చూడవలెను. అనుమానమున్నచో లోహపరీక్ష చేయించవలెను.

పాలు తీసిన వెంటనే తొట్టిని గోరువెచ్చని నీటితో కడుగవలెను. ముందే మరగునీరు పోసినచో పాలలోని మాంసకృత్తులు ఉడికి గోడకు అంటుకొనును. ఆ పిమ్మట వేడి సోడా ద్రావణముతో కడిగి, మంచి నీటితో తొలచవలెను. మన బోరునీటి సున్నము వలన తెల్లని పెచ్చు కట్టును గనుక, అప్పుడప్పుడు డెయిరీవారి పర్యవేక్షణలో ఆమ్లముతో కడుగవలెను. ఇనుప పీచు వాడరాదు. దాని పొడి అంటుకొని తుప్పు పట్టును. బ్లీచింగు నీటిని తొట్టిలో రాత్రంతయు నిలువ యుంచినచో ఉక్కులో సూది గుంటలు పడును.

మరియొక సంగతి. కూలరులోని పాలను లోపలి కొలబద్దతో లెక్కింతురు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును గనుక, పునాది సరిగా లేనిచో తొట్టి ఒక ప్రక్కకు ఒరిగి కొలత తప్పును. తొట్టి పెట్టించు దినముననే కాక, వానకాలము ముగిసిన పిమ్మట కూడ రసమట్టముతో దాని సమతలమును చూపించుకొనవలెను.