రొయ్యల చెరువులలో ఉప్పునీటిని గూర్చిన పొరపాట్లు

మన సంఘ సభ్యులలో కొందరు వరిమళ్ళను చెరువులుగా మార్చి వనామీ రొయ్యలను పెంచుచున్నారు. 2009వ సంవత్సరమున మన దేశమునందు ఈ జాతి పెంపకమునకు అనుమతి లభించినది మొదలు, ఇది తక్కువ ఉప్పునందును బ్రదుకునని తెలిసి, సముద్రమునకు దూరముగా నున్న డెల్టా గ్రామములలో సైతము బోరునీటితో పెంచుట వ్యాపించినది. నష్టము కలిగినచో పిల్లనో, మేతనో, తెగులునో నిందింతురు. తెల్లమచ్చ వంటి తెగుళ్ళు లేకపోలేదు. కాని నేను చూచిన చెరువులలో పెక్కింటియందు దోషము నీటిలోనే యున్నది.

ఉప్పగా నున్న నీరెల్ల సముద్రజలమే యనుకొనుట పెద్ద పొరపాటు. పట్టణములలో గాజుతొట్లయందు పగడపు జీవులను, సముద్రపు చేపలను పెంచ మొదలిడువారు వంటయుప్పు కలిపి మోసపోవుటయు ఇట్టిదే. రిఫ్రాక్టోమీటరు ఉప్పు ఎంతయో చెప్పును గాని, ఆ యుప్పులో నేమేమి గలవో చెప్పదు. వేయింటికి 35 పాళ్ళ ఉప్పుగల సముద్రజలమున లీటరునకు సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియము, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియము ఉండును. 5 పాళ్ళ నీటిలో నిందు ఏడవవంతు, అనగా పొటాషియము 55కు పైగా, మెగ్నీషియము 185 ఉండవలెను. బోరునీటిలో పొటాషియము తరచుగా ఇంతకు మిక్కిలి తక్కువ. అట్టి నీట పిల్ల నీరసించి, పెంకు విడుచునపుడు చచ్చును.

ఒక రైతు చెరువున వదలిన పిల్ల నాల్గవనాడు చెక్ ట్రేలలో చచ్చి కనబడగా, నేను ఉప్పు మాత్రము కొలిచి, "నీరు బాగుగనే యున్నది, పిల్లయే మంచిది కాదు" అంటిని. ఆయన నా మాట నమ్మి మరల పిల్లను తెచ్చి ఆ నీటనే వదలెను; అదియు పోయెను. పిమ్మట పరీక్షింపగా పొటాషియము 8 మిల్లీగ్రాములే యుండెను. ఆ రెండవ పిల్ల ఖరీదు నా తొందరపాటువలన పోయినదే.

కావున పిల్లను తెచ్చుటకు ముందే నీటిని పరీక్షశాలకు పంపవలెను. నాలుగడుగుల నీరున్న ఎకరము చెరువున లీటరునకు 10 మిల్లీగ్రాముల పొటాషియము హెచ్చించుటకు 50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తాలు రెండు పట్టును. అడుగుమట్టి కొంత పీల్చుకొనును గనుక, విడతలుగా వేసి మరల పరీక్షింపవలెను.

ప్రాణవాయువును పగటిపూట మాత్రమే కొలుచుట మరియొక పొరపాటు. ఎండలో నీటిపాచి దానిని విడుచును. రాత్రి తానే పీల్చుకొనును. మధ్యాహ్నము 8 మిల్లీగ్రాములు చూపిన చెరువే తెల్లవారుజామున 2కు దిగవచ్చును. 4కు తగ్గనీయరాదు. కరెంటు ఖర్చునకు వెనుదీసి రాత్రి ఏరేటర్లు ఆపువారు తెల్లవారకముందు ఒక్కనాడైనను గట్టుమీదికి పోయి కొలిచి చూడవలెను.

మేతను గూర్చి చెప్పవలసినది కొంచెమే. ట్రేలో మిగిలియుండగా మరల నిండుగా వేసినచో, అది కుళ్ళి అమ్మోనియా యగును. పి.హెచ్. 8 ఉన్నపుడు అమ్మోనియాలో పదింట ఒక పాలైనను విషరూపమున నుండదు. 9కి చేరినచో సుమారు నాలుగు పాళ్ళు విషమగును. అట్టి చెరువున కాల్చిన సున్నము చల్లువారు పి.హెచ్.ను మరింత పెంచినవారగుదురు. ముందు మేతను సగమునకు తగ్గించి, ఏరేటర్లు నడపి, మంచినీటి వసతి యున్నచో కొంతనీరు మార్చవలెను.