పిందె రాలు చోటు



పుట్టినచోటనే పెరిగెడు క్యాన్సరు గడ్డ మనిషినంతగా చంపదు, పాకిన గడ్డయే చంపును, ఆ పాకుటకు మొదలెక్కడ అని అడిగితివి, మనుమరాలా. మన పత్తిచేనినుండియే చెప్పెదను. ముసురు పట్టి వారముదినములు ఎండ మొగము కనబడని యేట పర్చూరు చేలో రాలిన పిందెలను ఏరి నీ చేతిలో పెట్టితిని, జ్ఞాపకమున్నదా? కాడ తెగినట్లుండదు; నున్నగా విడివడియుండును. అచ్చట కణములను అంటిపెట్టియున్న పెక్టిన్ జిగురు, కాల్షియముతో గట్టిపడియుండునది, కరగిపోవుటచేతనే పిందె రాలినది.

మన నోటిపొర కణములను పట్టియుంచునవి ప్రోటీనులు. చిత్రమేమన, వానికిని కాల్షియమే ఆధారము. కాల్షియమును తొలగించినచో కణములు దేనికది విడిపోవుటను పరిశోధించిన జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి తాకేఇచి, ఆ ప్రోటీనుకు 1984లో క్యాడ్‌హెరిన్ అని పేరిడెను. కణము వెలుపలికి చాచిన దాని కొస ప్రక్కకణముపైని తనవంటి కొసనే పట్టుకొనును. లోపలి తోక బీటా-క్యాటెనిన్ ద్వారమున కణపు అస్థిపంజరమును పట్టుకొనియుండును.

పెక్కు క్యాన్సరులు ముదురుకొలది పొరకణములయందలి క్యాడ్‌హెరిన్ రకమగు ఇ-క్యాడ్‌హెరిన్ పలుచబడును. ఒకచోట దాని జన్యువే చెడును, ఒకచోట జన్యువు చెడకయే మూగవోవును. స్తనమునందలి లోబ్యులర్ క్యాన్సరులో అది లోపించుటచేతనే కణములు చీమలబారువలె ఒంటివరుసన నడచును. ఆ జన్యులోపము వంశమున దిగి, కడుపు క్యాన్సరును తెచ్చుట న్యూజీలాండు మావోరీ కుటుంబమునందు 1998లో తేలినది. పొరుగును విడిచిన కణము ఊరక నిలువదు. తరచు ఎన్-క్యాడ్‌హెరిన్ అను వేరొక పట్టును తెచ్చుకొని, ఇంటెగ్రిన్‌లతో చుట్టునున్న కణబాహ్య మాతృకను అంటుచు, విడుచుచు ముందుకు జరుగును.

అయినను అంటు తెగుటయే క్యాన్సరు అని పాఠము అప్పజెప్పకుము. కొన్ని గడ్డలనుండి కణములు చేతులు వదలక గుంపుగానే కదలును. దూరముననున్న అవయవమున దిగి ఇల్లు కట్టుకొనునపుడు విడిచిన ఇ-క్యాడ్‌హెరిన్‌ను మరల తెచ్చుకొనునవియు కలవు. ఈ మార్పిడియే నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది, భయపెట్టినదియు ఇదియే.

ఇక ఈ పట్టు సడలుట నీ వైద్యమునకు ఎట్లు పనికివచ్చునో చెప్పెదను. మనది పొగాకు పండించు సీమ. చుట్టయు, ఖైనీయు అలవాటైన నోళ్లను నీవు పెక్కు చూచెదవు. నోటి క్యాన్సరు ముక్కను సూక్ష్మదర్శినిక్రింద పెట్టినపుడు నడుమ భాగముతో తృప్తిపడక, కండలోనికి చొచ్చు అంచును చూడుము. పట్టు సడలుట తొలుత అచ్చటనే కానవచ్చును, మెడలోని లింఫు గ్రంథులకు క్యాన్సరు పాకు దారి అచ్చటనుండియే. మూడు వారములు గడచినను మానని నోటిపుండుతో ఎవరైన వచ్చినచో, పూతమందిచ్చి పంపివేయక ముక్క తీసి పరీక్షకు పంపుము. మెడను నీ చేతులతోనే తడిమి చూడుము.