లంకకు ముందే లంకాధిపత్యము

శ్రీమద్రామాయణమును శరణాగతి శాస్త్రమని శ్రీవైష్ణవ పెద్దలు కొనియాడుదురు. ఆ శాస్త్రమునకు ఆయువుపట్టు యుద్ధకాండములోని విభీషణ శరణాగతి. శ్రీ వేదాంత దేశికులు (1268-1369) ఈ ఘట్టమునే ఆధారముగా గొని ‘అభయప్రదాన సారము’ అను గ్రంథమును రచించిరి.

అన్నకు హితము చెప్పి అవమానము పొందిన విభీషణుడు ఆలుబిడ్డలను లంకలోనే విడిచి, నలుగురు అనుచరులతో సముద్రము దాటి వచ్చెను. క్రింద వానరులు చెట్లును బండలును ఎత్తి నిలిచిరి. దిగుటకు చోటు లేదు. తిరిగిపోవుటకు ఇల్లు లేదు. ఆకాశమందే నిలిచి, తాను దుర్వృత్తుడైన రావణుని తమ్ముడనని మొదటనే చెప్పుకొనెను. ఆ మాట దాచినచో పని సులభమయ్యెడిదేమో! శరణాగతికి అంగమైన కార్పణ్యమనగా ఇట్టిదే.

సుగ్రీవుడు ఒప్పుకొనలేదు. ఆపదలో అన్నను విడిచినవాడు రేపు ఎవరిని విడువడని ఆయన శంక. సేనను కాపాడవలసిన రాజు అట్లనుట తప్పు కాదు. అయినను అన్నతో వైరము పడిన సుగ్రీవుని నోటనే ఆ మాట వచ్చుట విచిత్రము. అంగదాదులు పరీక్షింపవలెననిరి. హనుమంతుడొక్కడే స్వీకరింపదగినవాడనెను.

శ్రీరాముడు వచ్చినవాని గుణదోషములపై తీర్పు చెప్పలేదు. వాడు దుష్టుడే యైనను తనకేమి కీడు చేయగలడు? తలచినచో లోకమందలి రాక్షసులనెల్ల వ్రేలికొనతో కూల్చగలననెను. తన ఆలిని హరించిన బోయవానికి సహితము ఆతిథ్యమిచ్చిన పావురము కథ జ్ఞప్తికి తెచ్చెను. ఒక్కమారు శరణన్న వానికి సర్వభూతముల వలనను అభయమిచ్చుట తన వ్రతమనియు, వచ్చినవాడు రావణుడే యైనను తోడ్కొని రమ్మనియు పలికెను. ఈ పలుకే సంప్రదాయమున శ్రీరామ చరమశ్లోకము.

అటుపిమ్మట జరిగినది మరింత గమనింపదగినది. సముద్రము ఇంకను దాటలేదు. సేతువు లేదు. రావణుడు సింహాసనముపై సుఖముగా నున్నాడు. అట్టి సమయమున శ్రీరాముడు లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి, విభీషణుని లంకకు రాజుగా అభిషేకింపజేసెను. ఒకవేళ రావణుడే శరణు వేడినచో విభీషణునకేమి ఇత్తువని అడుగగా, అయోధ్యనిత్తునని శ్రీరాముడు బదులు చెప్పినట్లు పౌరాణికులు చెప్పెడి కథ యొకటి కలదు. వాల్మీకమున అది కానరాదు గాని, ఆ ప్రభువు నోట రాదగిన మాటయే.

వెంటనే వచ్చు కథ దీనికి విపర్యయము. విభీషణుని సలహాపై శ్రీరాముడు దర్భలపై శయనించి మూడు రాత్రులు సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు కదలలేదు, కోదండమెత్తిన పిదపనే కనిపించెను. శరణాగతి ఒకటియే, ఫలము రెండు విధములేల? అశక్తుడు సర్వశక్తుని ఆశ్రయింపవలెను గాని, సర్వశక్తుడు తనకంటె అల్పుని ఆశ్రయించిన ఫలమెట్లు కలుగునని వ్యాఖ్యాతల సమాధానము. ఫలము వేడినవాని వేడుకోలు నేర్పులో లేదు, ఇచ్చువాని సామర్థ్యమందున్నది. మహావిశ్వాసమను అంగము నిలుచునది దీనిపైననే.

రావణవధానంతరము శ్రీరామాజ్ఞచే లక్ష్మణుడు లంకలో విభీషణునకు మరల సముద్రజలములతోనే పట్టాభిషేకము చేసెను. లంకాపురవాసులు చూచినది అదియే. వానరులు మాత్రము ఆవలి ఒడ్డుననే చూచియుండిరి.