మిత్రుడెవరు, శత్రువెవరు: మినుము వేరుకు తెలుసు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కోతకు ముందే వరి పైరులో మినుము చల్లుతారు. నేలలో మిగిలిన తేమే దానికి ఆధారం. దానికి కావాల్సిన నత్రజనిలో కొంత వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా సమకూరుస్తుంది. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ రంగు; ప్రశ్నపత్రాలకు ఇష్టమైన పేరు.

అసలు చిక్కు వేరే ఉంది. రైజోబియం మొక్కకు పంపే సంకేత అణువు నాడ్ ఫ్యాక్టర్‌కు వెన్నెముక కైటిన్ ముక్క. తెగులు తెచ్చే శిలీంధ్రాల కణకవచంలోనూ కైటినే. దాదాపు ఒకే గుర్తింపు కార్డుతో ఇద్దరొస్తే మొక్క ఒకరికి తలుపు తీసి, రెండోవారిపై రక్షణ వ్యవస్థను లేపాలి. ఈ తేడాను పట్టేవి వేరు కణాలపై ఉండే లైస్‌ఎం గ్రాహకాలు. నాడ్ ఫ్యాక్టర్ నిర్మాణం 1990లో, దాన్ని గుర్తించే గ్రాహకాల జన్యువులు 2003లో వెల్లడయ్యాయి. రెండు సంవత్సరాలూ తారుమారు చేయకండి.

తెలుగునాట కైటిన్, మొక్కల రక్షణ పరిశోధనలో చెప్పుకోవాల్సిన పేరు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పొదిలె అప్పారావు. వేరుశనగకు కుళ్లు తెగులు తెచ్చే ఆస్పర్‌జిల్లస్ నైగర్ శిలీంధ్రాన్ని బాసిల్లస్ సబ్‌టిలిస్ ఏఎఫ్1 అనే బ్యాక్టీరియా కరిగించి అదుపు చేస్తుందని 1996 నాటి పరిశోధనా పత్రంలో చూపారు. కైటిన్‌ను కోసే ఎంజైములు, ఆ ముక్కలు మొక్కలో రేపే రక్షణ స్పందన ఆయన ప్రయోగశాల తర్వాతి అంశాలు. 2015లో అదే విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్ అయ్యారు.

మొదట చెప్పిన ఊళ్ల గురించీ పరీక్షకు రెండు తేదీలు గుర్తుంచుకోండి. బాపట్ల వ్యవసాయ కళాశాల స్థాపన 1945. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది.